పేరు మూసేసిన రికార్డు

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషికి పొద్దున్నే ఏం కావాలి? ఒళ్ళు తడుపుకోవడానికి నాలుగు చెంబుల నీళ్ళు, ఆ తర్వాత ఒళ్ళెరగని నిద్ర. నీళ్ళు దొరికాయి. నిద్ర మాత్రం ఆ ఇంట్లో దొరికే వస్తువు కాదు. అమ్మలు దుప్పటి ముసుగేసుకుందో లేదో, గోడవతల తండ్రి మొదలెట్టాడు. ముందు రికార్డు ప్లేయరు సూది బరబర, తర్వాత డ్రమ్ములు, వాటి మీద గుండెలు బాదుకుంటూ పాడే ఎవరిదో గొంతు. అదీ చెవులు చిల్లులు పడేంత గట్టిగా.

ఆస్పత్రిలో ఆమె సిస్టరు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ అమ్మలే.

తండ్రి బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా శనివారాలు డాన్సు హాల్లో రికార్డులు వేసేవాడు. పక్కకొక్క పాట పట్టే చిన్న రికార్డులు, అన్నీ పాతకాలపు ఇంగ్లీషు పాటలు, సోల్, రిథమ్ అండ్ బ్లూస్ అంటారే, అవి. కడుపు కట్టుకుని కొన్నవి అట్టపెట్టెల్లో హాలంతా పేరుకుపోయాయి. "ఇది ఇల్లా, గోడౌనా?" అని భార్య రోజూ సణుగుతూనే ఉంటుంది. వినిపించుకుంటేగా!

ఈమధ్య కొత్త వరస ఒకటి. ఏ పాటా పూర్తిగా పాడనివ్వడు. కాసేపు వేస్తాడు, మొహం చిట్లిస్తాడు, తీసి ఇంకోటి పెడతాడు.

"అమ్మా! నువ్వైనా చెప్పవే!"

వంటింట్లో తల్లి చెవుల్లోంచి దూది తీసింది. "చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయిందే. అన్నిటికీ తలూపి ఊరుకుంటాడు, మొండి ఘటం."

"నిన్న వార్డులో నిలబడే కునికాను. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయాను, తెలుసా? పక్కనామె చెయ్యి పట్టుకుని ఆపింది!"

తల్లి మొహం పాలిపోయింది. అమ్మలు మాత్రం అక్కడ ఆగలేదు. విసురుగా హాల్లోకి వెళ్ళి సూది ఎత్తి, రికార్డు లాక్కుంది.

"చంపుతావా నన్ను? ఇవన్నీ మూటగట్టి బయట పారేస్తాను చూడు! దీనికి పేరు కూడా లేదు, తెల్ల కాగితం అంటించి ఉంది. ఏముందని ఇందులో?"

తండ్రి రెండు చేతులూ చాచాడు. "పగలగొట్టకు తల్లీ. కొన్నే మిగిలాయి. అది దొరికితే ఆపేస్తాను, ఒట్టు."

ఆమె విసుగ్గా ఆయనకి వీపు పెట్టి గుమ్మంవైపు తిరిగింది. "ఏది దొరికితే?"

జవాబు లేదు.

"నిన్నే నాన్నా, ఏది?"

ఉలుకూ పలుకూ లేదు. ఆమె తిరిగి చూసింది. ఆయన చూపు ఆమె పెదవుల మీద ఉంది. అమ్మలుకి అప్పుడు అర్థమైంది, ఆయనకి వినపడటం లేదు. ఊళ్ళోవాళ్ళ జబ్బులన్నీ కనిపెడుతుంది, ఇంట్లో మనిషిది మాత్రం కంటపడలేదు. ఎదురుగా కూర్చుని నిదానంగా అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళే అయింది. షెడ్డులో ఆ చప్పుళ్ళు ఊరికే పోతాయా? మీ అమ్మకి చెప్పకు, హడలిపోతుంది."

"చెప్పకూడదట!" గుమ్మంలో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను మొండితనం అనుకుని ఎన్నెన్ని మాటలన్నానో!"

తండ్రి రికార్డు అంచు నిమిరాడు. "పసిపిల్లప్పుడు నువ్వు ఎవరెత్తుకున్నా ఊరుకునేదానివి కాదు. ఒక పాట వేస్తే మాత్రం సగంలోనే నిద్రపోయేదానివి. ఈ డ్యూటీలు మొదలయ్యాక నీ కళ్ళ కింద నలుపు చూడలేకపోతున్నానమ్మా. అందుకే వెతుకుతున్నా. పక్క డాన్సు హాలువాళ్ళు పేరు చదివి అవే పాటలు తెచ్చుకుంటారని అప్పట్లో మంచివాటన్నిటికీ కాగితాలు అంటించాను. ఇప్పుడు పీకితే కింద పేరూ చిరిగిపోతుంది. చెవితో పోల్చుకోగలనులే అని ధీమా. ఎంత సౌండు పెంచినా అన్నీ ఒకటే హోరు."

అమ్మలుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "పిచ్చి నాన్నా! నన్ను నిద్రపుచ్చే పాట కోసం నా నిద్రంతా చెడగొట్టావా?"

కళ్ళు తుడుచుకుని, సౌండు బాగా తగ్గించి, ఆయన పక్కనే నేలమీద చతికిలబడింది. "పెట్టు. ఇద్దరం వెతుకుదాం. నువ్వు పెడుతూ ఉండు, నేను వింటాను."

ఒకటి పెట్టాడు. కాదంది. ఇంకోటి పెట్టాడు. ఏమో అంది. ఆ తర్వాతది పాడుతుండగా ఆమె తల ఆయన భుజం మీద బరువుగా వాలింది.

తండ్రి కదల్లేదు. మెల్లగా పక్కకి చూశాడు. నోరు కాస్త తెరుచుకుని, చిన్నప్పటిలాగే నిద్రపోతోంది. ఒంటిచేత్తో సూది ఎత్తి, రికార్డు ఒళ్ళో పెట్టుకుని, జేబులో పెన్ను తీసి ఆ తెల్ల కాగితం మీద వంకరటింకరగా 'అమ్మలు' అని రాశాడు.

దుప్పటి తెచ్చిన తల్లి అది చూసింది. అప్పట్లో పిల్లని నిద్రపుచ్చిన పాట ఆమెకి తెలియకపోవడమేమిటి! పిల్లని భుజానేసుకుని ఈ హాల్లోనే ఆ పాటకి ఎన్నిసార్లు తిరగలేదు! అది ఆడగొంతు పాడిన పాట. ఇప్పటిదాకా వినిపించింది మగవాడి గొంతు. 'ఇది కాదండీ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఆయన తలెత్తాడు. మొహం వెలిగిపోతోంది. "ఇదే కదూ?" అన్నాడు గుసగుసగా.

ఆమె కూతురికి దుప్పటి కప్పి, ఆయన ముందుకొచ్చి కూర్చుంది.

"అదేనండీ," అంది, తన పెదవులు ఆయనకి బాగా కనిపించేలా.