శోకానికి హక్కుదారు

ఫ్యాక్టరీ కాలనీ మొదటి వీధిలో హాస్యం మళ్లీ పడిపోయింది. వెన్నెలతెర సీరియళ్ల కంపెనీ ఉద్యోగిని దాక్షాయణి ఒక్కో గుమ్మం ముందు ఆగి, చేతిలోని రీడరును తలుపు పక్కనున్న రసమీటరుకు ఆనించి, అది కీచుమనగానే పక్కింటికి కదులుతోంది. వీరం, శృంగారం ఎప్పటిలాగే అడుగంటాయి. అద్భుతం సంగతి అడగనే అక్కర్లేదు. శోకం మాత్రం ప్రతి ఇంట్లోనూ పైగీత దాటేసి ఉంది.

"చూశారా మేడమ్!" చెవిలో శ్రీవత్స గొంతు ఉత్సాహంగా పలికింది. అతను వెన్నెలతెర ఆర్థిక విభాగంలో పెద్ద అధికారి. నగరంలో చల్లటి గదిలో కూర్చుని ఆమె రీడరులోంచే అంతా చూస్తున్నాడు. "ఈ ఒక్క కాలనీ చాలండీ, కంపెనీ ఒడ్డున పడుతుంది. సాయంత్రం బ్యాంకువాళ్లు లైన్లోకి వస్తారు. అన్నిటికన్నా ఎక్కువ రీడింగున్న ఇంట్లో నిలబడి, ఈ శోకం నిజమైనదే, మనదే అని మీరు హామీమాట చెప్పేస్తే సరిపోతుంది."

వెన్నెలతెర ఇక్కడిదాకా ఎలా దిగజారిందో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మొదట సినిమాహాళ్లను మూయించారు. ఇంట్లోనే కూర్చోండి, దాదాపు ఉచితంగా చూపిస్తాం అన్నారు. చూపించడానికి అప్పులు తెచ్చారు. జనం ఒక సీరియల్ చూడటం అయిపోగానే చందా మానేసి మరో కంపెనీకి పోయారు. రేటు పెంచితే మిగిలినవాళ్లూ పోయారు. అప్పుడు పేదల ఇళ్లను వెతుక్కుంటూ వచ్చి గోడలకు నిత్యతెరలు బిగించారు. పైసా కట్టక్కర్లేదు, ఆపడానికి మాత్రం వీల్లేదు. రేషన్ కబురూ, బడి కబురూ అందులోనే వస్తాయి గనుక పీకేయడానికీ వీల్లేదు. దానికి కన్నుంది, చెవుంది. చూసేవాడి గుండె ఎంత కొట్టుకుందో, కళ్లు ఎంత తడిశాయో మీటరు కొలుస్తుంది. ఆ కొలతను బ్యాంకులో తాకట్టు పెట్టి కంపెనీ కొత్త అప్పు తెస్తుంది. సిగ్గులేని వ్యాపారాలు లోకంలో చాలా ఉన్నాయి కానీ, ఎదుటివాడి కన్నీళ్ల మీద అప్పు పుట్టించడం వీళ్లకే చేతనైంది.

అన్నిటికన్నా ఎక్కువ రీడింగున్న ఇల్లు వీధి చివర ఉంది. కర్రి నూకరత్నం గడప దగ్గర కూర్చుని ఎండునెత్తళ్ల తలలు గిల్లుతోంది. ముప్పై దాటిన మనిషి. దాక్షాయణిని చూసి పీట జరిపింది.

"కూకోమ్మా. మంచినీల్లు తాగుతావా?"

"తర్వాత తాగుతానమ్మా. చిన్న పనుంది, అవగానే వెళ్లిపోతాను."

గోడ మీద 'వంటింట్లో వియ్యపురాళ్లు' మొదలైంది. అది హాస్య సీరియల్. లావుపాటి వియ్యపురాలు గారెలు మాడ్చింది, పొగ లేచింది, ఆ పొగలోంచి సైరన్ మోగింది. వెనక నుంచి గుంపుగా నవ్వులు వినిపించాయి.

నూకరత్నం ఒళ్లోని చేట కింద పడింది. ఆమె ఒక్క ఉదుటున లేచి వాకిట్లోకి పరుగెత్తింది. వీధి పొడవునా తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లందరూ బయటికొచ్చి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, ఫ్యాక్టరీ పొగగొట్టాల వైపు చూస్తూ నిలబడిపోయారు. కాసేపటికి ఎవరి ఇంట్లోకి వాళ్లు వెళ్లారు. ఇద్దరు పిల్లలు మాత్రం కదల్లేదు, అరుగు మీద కూర్చుని నవ్వుతున్నారు. నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చి చేపలు ఏరుకోసాగింది. మీటరు కీచుమంది.

"ఏంటమ్మా ఇది?" అంది దాక్షాయణి.

"ఫేక్టరీల బాయిలరు పేలినప్పుడు మోగినాది, అదే కూత. మా గౌరినాయుడు ఆ డూటీలోనే ఉన్నాడు. అప్పుడూ తెర మీద ఈ బొమ్మే ఆడతన్నాది. ఆలు నవ్వుతన్నారు, మేం నేల మీద పడి ఏడుత్తన్నాం. ఆపుదామంటే అది ఆగదు గదా. మరి ఆ తరవాత్నించి రోజూ ఈ కూత ఎట్టీసినారు. అబద్దం కూతని తెలుసమ్మా. కాళ్లు ఊరుకోవు."

"తీసెయ్యమని అడగలేదా?"

"అడక్కుంటే ఎలగ? మీ కంపినీ గొంతు ఏటన్నాదో తెలుసా? మాకు ఇది శానా నచ్చినాదంట. లెక్కల్లో ఉన్నాదంట." నూకరత్నం అరుగు మీది పిల్లల వైపు చూసింది. "అప్పుడే పిల్లలు లెగడం మానీసినారు. రేపు నిజెం కూతే కూసిందనుకో, ఎవులు లెగుత్తారు? ఆలని ఎవులు లెగదీత్తారు?"

దాక్షాయణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం జరిగిందో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ప్రమాదం జరిగిన వారంలో కాలనీ కాలనీయే ఏడ్చింది. సీరియళ్లు రాసే రచనాయంత్రం ఆ ఏడుపును తెర మీది వియ్యపురాళ్ల ఖాతాలో వేసుకుంది. ఏడుపుకు ముందు ఏ శబ్దం వచ్చిందో వెతికి, దాన్ని తెచ్చి కథలో అతికించింది. యంత్రాన్ని తిట్టి లాభం లేదు, దానికి నేర్పిన బుద్ధి అది. నేర్పినవాళ్లు మాత్రం దీనికి కరుణహాస్యమని పేరు పెట్టి, శాలువాలు కప్పుకుని, కేకు కోసుకున్నారు. ఆ కేకు ముక్క దాక్షాయణి కూడా తింది.

"సార్, ఆ సైరన్ తీసేయించండి," అంది.

శ్రీవత్స ఆలోచించలేదు కూడా. "తీసేస్తే శోకం పడిపోతుందండీ. శోకం పడిపోతే అప్పు పుట్టదు. అప్పు పుట్టకపోతే మీ జీతమూ లేదు, నాదీ లేదు."

"వీళ్ల ఆయన చచ్చిపోయాడు సార్."

"ఎవరి ఆయన?"

ఆమె రీడరును నూకరత్నం వైపు తిప్పింది. అతను గొంతు కాస్త తగ్గించాడు. "విషాదమేనండీ, కాదనను. కానీ కన్నీళ్లు ఎందుకొచ్చాయో మీటరుకు తెలీదు, బ్యాంకుకు తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. వాళ్లు లైన్లోకి వస్తున్నారు. త్వరగా కానిచ్చేయండి."

బ్యాంకు తరఫున ఒక నడివయసు స్త్రీ గొంతు మర్యాదగా నమస్కారం చెప్పింది. ఆ వెంటనే నిత్యతెర మీద సీరియల్ పక్కకు జరిగి, హక్కులకు కాపలా కాసే యంత్రం, హక్కులపహరా, పలికింది.

"ఈ ఇంట్లో నమోదైన శోకం నిజమైనదేనా?"

"నిజమైనదే," అంది దాక్షాయణి. ఆ మాట చెప్పడానికి ఆమె తడుముకోలేదు. చెవిలో శ్రీవత్స ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"ఈ శోకానికి హక్కుదారు ఎవరు?"

ఇది ఉత్త లాంఛనం. ఎవరైనా వెన్నెలతెర పేరే చెబుతారు. ఇంకో పేరు చెప్పకూడదన్న నిబంధన ఎక్కడా లేదు, చెబుతారని ఎవరికీ తోచలేదు గనుక. దొంగ కాపీల భయంతో పుట్టించిన పహరా అది. టీ కొట్టువాడు పాట వేసుకుంటే కొట్టు మూయించింది, పుట్టినరోజు పిల్ల డాన్సు చేస్తే తల్లికి నోటీసు పంపింది. హక్కు ఎవరిదని ఒకసారి పలికితే ఇక అది ఎవరి మాటా వినదు. తన యజమాని వెన్నెలతెర మాట కూడా వినకూడదనే షరతు మీదే బ్యాంకులు అప్పులిచ్చాయి.

"కర్రి నూకరత్నం," అంది దాక్షాయణి. "కర్రి గౌరినాయుడి భార్య."

"ఏం వాగుతున్నావ్?" శ్రీవత్స కేక పెట్టాడు. మీరు, మేడమ్ అన్నీ ఎగిరిపోయాయి. "వెనక్కి తీసుకో! ఇప్పుడే తీసుకో!"

"నమోదైంది," అంది పహరా. "హక్కుదారు అనుమతి లేకుండా ఈ శోకాన్ని వాడుకున్న దృశ్యాలు నిలిపివేయబడుతున్నాయి."

వియ్యపురాలు నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. పక్కింట్లో ఆగింది, ఎదురింట్లో ఆగింది. వెన్నెలతెర వెలుగుతున్న ప్రతి ఊళ్లోనూ ఆగింది. నవ్వులు తెగిపోయిన ఆ నిశ్శబ్దంలో ఫ్యాక్టరీ మోటార్ల మోత వీధిలోకి వినిపించింది. ఏమైందో చూద్దామని ఆడవాళ్లు ఒక్కొక్కరే నూకరత్నం వాకిట్లోకి వచ్చారు.

"శ్రీవత్సగారూ," బ్యాంకు గొంతు అదే మర్యాదతో అడిగింది, "అయితే ఇన్నాళ్లూ మీరు మా దగ్గర తాకట్టు పెట్టింది ఎవరి సొత్తు?"

బ్యాంకు లైను తెగాక శ్రీవత్స గొంతు మళ్లీ దాక్షాయణి చెవిలోకి వచ్చింది. ఈసారి దాదాపు ఏడుస్తున్నాడు. "మేడమ్, ఆవిణ్ణి ఒప్పించండి. ఏం కావాలన్నా ఇద్దాం. ఊ అనమనండి, చాలు."

నూకరత్నం మాత్రం తెర వైపే చూస్తోంది. తెర మొట్టమొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచింది.

"హక్కుదారు నూకరత్నం గారూ, మీ శోకాన్ని వాడుకోవడానికి వెన్నెలతెరకు అనుమతి ఇస్తున్నారా?"

"ఏటంతన్నాదమ్మా అది?"

"మీ ఏడుపు వాళ్లకు ఇస్తారా అని అడుగుతోంది. ఇష్టమైతే అవునని చెప్పొచ్చు, లేదంటే లేదనొచ్చు. డబ్బు కూడా ఇస్తారట."

నూకరత్నం చేపల చేతులు చీరకు తుడుచుకుని లేచి నిలబడింది. "నా మొగుడి కోసం ఏడిసినాను. ఆలకెందుకిత్తాను?" అంది. గోడకు దగ్గరగా వెళ్లి, చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా చెప్పింది. "ఇవ్వను."

తెర ఆరిపోయింది. వాకిట్లో నిలబడ్డవాళ్లలోంచి ఒక ముసలామె దాక్షాయణి దగ్గరికి వచ్చింది. ఆమె కొడుకూ ఆ డ్యూటీలోనే ఉన్నాడు.

"నన్నూ అడగమనమ్మా," అంది.