అరవై నాలుగో ఫొటో

మా టియాహో బతికుండగానే నేను దాన్ని చచ్చినవాళ్లలో కలిపేశాను. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడతో కూడా అనలేదు.

టియాహో మా అమ్మ చెల్లెలి కూతురు. నాకంటే నాలుగు నెలలు చిన్నది. ఆ నాలుగు నెలలకే నన్ను 'అక్కా' అంటుంది, సగం మర్యాద, సగం వెక్కిరింత. మా అమ్మ పెర్త్‌లో గనుల పనికి పోతే నన్ను పెంచింది అమ్మమ్మే. ఆమె కాళ్లకు నూనె రాసింది నేను. మందులు వేళకు మింగించింది నేను. పిలుపు మాత్రం ఆమె టియాహోకి నేర్పింది.

మా వంశమంతా కూడే ఆవరణని మరాయే అంటాం. అక్కడికి బయటివాళ్లు వచ్చినప్పుడు పెద్ద ఇంటి ముందు నిలబడి ఒక ఆడమనిషి గొంతెత్తి పిలవాలి. గేటు దగ్గర ఆగినవాళ్లూ, వాళ్ల వెనకాలే వచ్చే వాళ్ల చచ్చినవాళ్లూ ఆ గొంతు పట్టుకునే లోపలికి నడుస్తారు. మూడు తరాలుగా ఆ గొంతు మా ఇంటిదే. ఇద్దరిలో పెద్దదాన్ని నేను. నాకు రావాలి. నీ గొంతు బాగాలేదని అమ్మమ్మ ఒక్కనాడూ అనలేదు. అసలేమీ అనలేదు, అదే నా మంట. వాళ్లిద్దరూ వరండాలో సాధన చేస్తుంటే వంటింటి తలుపు వెనక గిన్నెలు తుడుస్తూ నేనూ నేర్చుకున్నాను, పెదాలు కదపకుండా.

అమ్మమ్మ పోయిన పదకొండో నెలలో సమాధిరాయి మీది గుడ్డ తీసే రోజు పెట్టారు. శనివారం. మా వంశంలో పోయినవాళ్లందరి ఫొటోలూ ఒకచోట చేర్చి ఆ రోజు తెర మీద చూపించే పని నాకు పడింది. చదువు మధ్యలో మానేశాను గానీ ఫోన్ల సంగతి నాకు నేనే నేర్చుకున్నాను. ఊళ్లో ఎవరి ఫోన్ నిండిపోయినా నా దగ్గరికే తెస్తారు. టూరోవా మామయ్య నన్ను 'ఫోన్ల మంత్రిగారూ' అంటాడు. అందరి పాస్‌వర్డ్‌లూ అడిగి తీసుకుని, నా ఫోన్‌లోని ఫైల్ మేనేజర్‌కి ఐదు క్లౌడ్ అకౌంట్లు తగిలించాను. అమ్మమ్మది, టియాహో వాళ్లమ్మ రోయిమాతా ఆంటీది, మామయ్యది, టియాహోది, నాది. తెరిస్తే ఒకదాని కింద ఒకటి, వరస గదుల్లా ఉండేవి. ఈ గదిలోది ఆ గదిలోకి లాగెయ్యొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

మాకో కట్టడి ఉంది. పోయినవాళ్ల బొమ్మల మధ్య బతికున్న మొహం ఉండకూడదు. పెద్ద ఇంటి వెనక గోడంతా పోయినవాళ్లదే. బతికున్నవాళ్ల పటం ఆ గోడకి ఎవరూ తగిలించరు. అందుకని గుంపు ఫొటోల్లోంచి బతికున్నవాళ్లని కత్తిరిస్తూ కూర్చున్నాను. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా అంచున ఒక భుజం ముక్కో, మోచెయ్యో మిగిలిపోయేది. ఆంటీ రోజూ నా పక్కన నీళ్లగిన్నె పెట్టి వెళ్లేది. ఒకరోజు చిప్స్ తింటూ పని చేస్తున్నానని నెత్తిన మొట్టింది.

"ఫోన్‌లో ఉన్నా చచ్చినవాళ్లు చచ్చినవాళ్లేనే. తిండి అవతల పెట్టు. అయ్యాక చేతులు కడుక్కో."

గురువారం మధ్యాహ్నం. రేకుల మీద వాన. అమ్మమ్మ అకౌంట్‌లో 'పోయినవాళ్లు' అని పెట్టిన ఫోల్డర్‌లో అరవై మూడు ఫొటోలయ్యాయి. ఇంకేమైనా మిగిలాయా అని కిందికి జరిపితే ఆమె గొంతు రికార్డింగులు కనిపించాయి. నలభై ఒకటి. టియాహో ఒకటి, టియాహో రెండు, టియాహో మూడు... నా పేరుతో ఒక్కటైనా ఉంటుందేమోనని చివరిదాకా వెతికాను. అలా వెతికినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఆఖరిది పెట్టుకుని విన్నాను. దగ్గు మధ్యలో అమ్మమ్మ గొంతు, "ఈ ఇంటికి నువ్వొక్కదానివే మిగిలావే, బంగారం."

తేదీ చూశాను. ఆ రోజు పొద్దున ఆమెకు స్నానం చేయించింది నేనే.

టియాహో అకౌంట్ తెరిచాను. పడవ అంచున కూర్చుని నవ్వుతున్న ఫొటో. ఆ వరస పళ్లన్నీ కనిపిస్తున్నాయి. దాన్ని 'పోయినవాళ్లు'లోకి పంపాను. కాపీ కూడా కాదు, మూవ్ నొక్కాను. అరవై నాలుగు.

మంట చల్లారినట్టు అనిపించింది. అది కూడా చెప్పాలి. చేతులు కడుక్కోకుండానే లేచి వెళ్లి టీ పెట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి డెబ్బై ఒకటి.

కొత్తగా వచ్చినవన్నీ టియాహోవే. మామయ్య అకౌంట్‌లోంచి ఒకటి, ఆంటీ అకౌంట్‌లోంచి మూడు... ఉయ్యాలలో ఉన్నది, మొదటిసారి బడికి వెళ్లినది. గుంపులో దిగినవి కూడా వచ్చాయి. కానీ గుంపు లేదు. నేను కత్తిరించే పద్ధతిలోనే చుట్టూ ఉన్నవాళ్లని ఎవరో కత్తిరించారు. అంచున ఒక భుజం ముక్క. ఆ నీలం చొక్కా భుజం నాది.

వెనక్కి లాగాను. వెళ్లింది... మళ్లీ వచ్చింది. వైఫై ఆపేశాను. ఎనభై. సిమ్ తీసేశాను. తొంభై రెండు. గదిలో పచ్చి ఆకుల వాసన వేసింది. చావింట్లో ఆడవాళ్లు తలకి చుట్టుకునే ఆకులు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

తేదీల వరసలో వస్తున్నాయి. పదేళ్లప్పటివి. పదహారేళ్లప్పటివి. పోయిన క్రిస్మస్. పోయిన వారం.

ఇవాళ.

సాయంత్రం నాలుగూ యాభైకి, అప్పుడే తీసింది. కారు లోపల. అద్దం మీద వైపర్లు సగం పైకి లేచి ఉన్నాయి. స్టీరింగ్ మీద చేతులు. టియాహో తల వెనక భాగం, తడి జడ. వెనక సీటులోంచి తీశారు.

అది చదువుకునే హామిల్టన్ నుంచి ఒక్కతే కారులో వస్తోంది. ఆ వేళకి వైయోకా లోయలో ఉంటుంది. అక్కడ గంట దూరం ఎవరి ఫోన్‌కీ సిగ్నల్ ఉండదు.

సిమ్ మళ్లీ వేసి, అది లోయ దాటేదాకా ఫోన్ చేస్తూ ఉండొచ్చు. ఆంటీకి చెప్పొచ్చు, రెండు గుమ్మాల అవతలే ఉంది. నేను మంచం మీద కూర్చునే ఉన్నాను. ఏం చెప్పాలన్న భయం ఒకటి. దాని కిందే ఇంకో ఆలోచన... అది రాకపోతే శనివారం పిలిచేది ఎవరు?

ఏడింటికి వచ్చింది. క్షేమంగా. కారు నాలుగు కిటికీలూ దించి ఉన్నాయి, ఒళ్లంతా వానలో తడిసి ఉంది. సామాను దించుతుంటే నా చెవి దగ్గరికి వచ్చింది.

"అక్కా, నవ్వకు... లోయ పొడుగునా కారులో ఆకుల వాసన."

"ఎవరైనా ఎక్కారా?"

"ఎవరెక్కుతారే? నేను ఎక్కడా ఆపలేదు."

అప్పుడైనా చెప్పాల్సింది. సంచి అందుకుని లోపలికి నడిచాను. ఆ రాత్రే తెర మీద చూపించాల్సిన అరవై మూడూ వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నాను.

శనివారం పెద్ద ఇంటి ముందు టియాహో నిలబడింది. దాని వెనక నేను. మొదటి వరస బాగా పిలిచింది. రెండోది కూడా. మూడో వరసలో నోరు తెరిచింది... గొంతు రాలేదు. మెడ నరాలు లేచాయి. పెదాలు కదులుతున్నాయి. గేటు దగ్గర జనం తలలు దించుకుని ఎదురుచూస్తున్నారు. పిలుపు మధ్యలో తెగితే ఎంత చెడో అక్కడ అందరికీ తెలుసు. నేను అందుకున్నాను. నా గొంతు ఆ ఆవరణంతా వెళ్లడం విన్నాను. ముసలివాళ్లు ఏడ్చారు. రోయిమాతా ఆంటీ నా నుదుటికి తన నుదురు ఆనించి, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఈ గొంతు అంది. ఆమె భుజం మీదుగా చూస్తే టియాహో మెట్ల మీద కూర్చుని మెడ పట్టుకుని ఉంది. నాకు సంతోషం వేసింది.

ఇది జరిగి మూడు నెలలు. దాని గొంతు తిరిగి రాలేదు, గుసగుసగానే మాట్లాడుతుంది. డాక్టర్లు అంతా బాగానే ఉందంటారు. చదువు ఆపి ఇంటికొచ్చింది. చిక్కిపోయింది. పిలుపు ఇప్పుడు నాది. ఆదివారం ఆదివారం ఆ ఫోల్డర్‌లోకి ఒక ఫొటో వస్తుంది. నిద్రపోతున్న టియాహో. సూప్ తాగుతున్న టియాహో. ప్రతిసారీ కాస్త దగ్గర నుంచి. పోయిన వారందాంట్లో కనురెప్ప మీది వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

నిన్నటి ఆదివారం వచ్చినదాంట్లో టియాహో లేదు. పెద్ద ఇంటి వెనక గోడ. అమ్మమ్మ పటం పక్కన ఖాళీ. ఆ ఖాళీలో ఒక మేకు.

ఇవాళ పొద్దున తాళం తీసి వెళ్లాను. ఎండ లోపలిదాకా పడుతోంది. మేకు ఉంది. మామయ్యని అడిగితే, మంత్రిగారికి ఇప్పుడు వడ్రంగం కూడానా అన్నాడు. తర్వాత నవ్వు ఆపేసి, ప్రార్థన చెయ్యకుండా ఆ గోడకి మేకు కొట్టే మొనగాడెవడే అని అడిగాడు. వేలితో తడిమి చూశాను. రక్తం వచ్చింది. మా వైపున్నది మేకు తల కాదు, మొన. గోడ అవతలినుంచి కొట్టారు. అవతల గట్టు. గోడకి ఆనుకుని మట్టి, మనిషి నిలబడే చోటే లేదు.

నిజం చెబితే ఆంటీ నన్ను మళ్లీ ఆ ఇంటి ముందు నిలబడనివ్వదు. నిలబడనివ్వకూడదు కూడా. కానీ ఆ ఫోల్డర్‌లో దాన్ని పెట్టింది నేనని తెలిస్తే, దాన్ని అందులోంచి తియ్యడానికి అనాల్సిన మాటలు ఆమెకి తెలిసి ఉండొచ్చు. లేదా తెలిసినవాళ్లెవరో ఆమెకి తెలుసు. ఇదంతా రాస్తుంటే వేలి మీది రక్తం ఇంకా ఆగలేదు.

రోయిమాతా ఆంటీ నంబర్ తీశాను. చేస్తున్నాను.