చిన్న జంతువుల డాక్టరమ్మ

బోర్డులు తయారుచేసే కుర్రాడి షాపులోకి డాక్టరమ్మ విసురుగా వచ్చి, ఫోను అతని ముందు పెట్టింది. అందులో ఉన్నది అతను నిన్న బిగించి వచ్చిన బోర్డే. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ఆమె కొత్త క్లినిక్కుది. ‘స్మాల్ యానిమల్ డాక్టర్’ అంటూ ఇంగ్లిష్ అక్షరాలు నీలంగా నిగనిగలాడుతున్నాయి.

స్పెల్లింగులన్నీ సరిగ్గానే ఉన్నాయని అతను ధీమాగా అన్నాడు. తను రాసిచ్చినప్పుడు మొదటి రెండు మాటల మధ్య చిన్న అడ్డగీత ఉందని, అదేమైందని ఆమె అడిగింది. చూడ్డానికి బాగాలేదని తీసేశానన్నాడు.

"ఆ గీత ఉంటే చిన్న జంతువులకు డాక్టరు. లేకపోతే జంతువులకు చిన్న డాక్టరు. పొద్దున్నించీ వచ్చినవాళ్లు బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూసి నవ్వుతున్నారు. పొట్టిదాన్నని నాకు తెలుసు. బోర్డు మీద కూడా రాయించుకోవాలా?"

కౌంటరు అంచు ఆమె భుజాల దాకా వస్తోంది. అతనికి నవ్వు తన్నుకొచ్చింది. అంతలో ఆమె కళ్లలో నీళ్లు కనిపించాయి. సొంత క్లినిక్ తెరిచిన మొదటి రోజు మరి. వెంటనే నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరాడు. వానలో తడుస్తూనే గీత అతికించాడు. ఆమె కింద నిలబడి గొడుగు పైకెత్తింది. అది అతని మోకాళ్లకైనా అందలేదు. ఈసారి ఇద్దరూ నవ్వారు.

ఆ తర్వాత ఏ ఇంగ్లిష్ బోర్డయినా ఆమెకు చూపించందే బిగించేవాడు కాదు. గీతల పిచ్చి పట్టి, కనపడిన ప్రతి రెండు మాటలకూ ముడి వేసేవాడు. వర్ణించే రెండు మాటలు కలిసి నామవాచకానికి ముందొస్తేనే ఆ గీత అని ఆమె ఓపిగ్గా చెప్పేది. ‘వెల్-నోన్ డాక్టర్’కి కావాలి, ‘డాక్టర్ ఈజ్ వెల్ నోన్’కి అక్కర్లేదు. అతనికి అది తొందరగానే ఒంటబట్టింది. అయినా కావాలనే ఏదో ఒక తప్పు వదిలేసి తెచ్చేవాడు.

ఒక సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. ఇవాళ బోర్డేదని ఆమె అడిగింది.

"లేదండీ. మీరంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా? అది అడగడానికే వచ్చాను."

పిల్లికూనకు కట్టు కట్టడం పూర్తయ్యేదాకా ఆమె తలెత్తలేదు.

"ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రండి. మీరు అడిగేదాకా ఆగితే లాభం లేదని, నాన్నకు నిన్న నేనే చెప్పేశాను. సరేనన్నారు."