రెండు దెబ్బలు వినేదాకా

లారీ బ్రేకులు చూడాలంటే ఇద్దరుండాలి. ఒకడు బండి కింద గుంతలో, ఒకడు పైన కాబిన్‌లో. కిందివాడు సుత్తితో ఛాసిస్ మీద ఒక్క దెబ్బ కొడితే పైవాడు బ్రేకు తొక్కాలి. రెండు దెబ్బలు వినేదాకా కాలు తియ్యకూడదు. పెద్ద బళ్ళ కింద అరుపులు వినపడవు కాబట్టి మా రిపేరు షెడ్డులో మొదటినుంచీ ఇదే పద్ధతి.

ఆ సాయంత్రం గుంతలో నేను, కాబిన్‌లో మా బావ. బావంటే మా చెల్లెలి మొగుడు. ఎవరో అమ్మేస్తుంటే ఆ లారీ కొన్నాడు. ఇల్లు మారుతున్నారు, సామానంతా ఎక్కించేశారు. తనిఖీ అవగానే పెళ్ళాన్నీ కూతుర్నీ పక్కన కూర్చోబెట్టుకుని కొండ దిగి వెళ్ళిపోవాలి.

మేనకోడలు బుజ్జికి మా దెబ్బల లెక్క తెగ నచ్చేసింది. నాతోపాటు చెంచాతో డబ్బా మీద కొడుతూ, "అమ్మా, ఒకటంటే తొక్కు, రెండంటే వదులు!" అని వాళ్ళమ్మకి పాఠం చెబుతోంది.

"నీ మొగుడికంటే నీ కూతురే నయం, పనిలో పెట్టేసుకుంటా," అన్నాను. చెల్లెలు నవ్వి, చినుకులు మొదలవడంతో దాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

ముందు చక్రాలు అయ్యాయి. రేకుల మీద వాన ఊపందుకుంది. గుంతలో పాత ఆయిలు కంపు ఎప్పుడూ ఉండేదే. ఇప్పుడు దాంట్లో కాలిన రబ్బరు వాసన కలిసింది. బండి పొద్దుటినుంచీ కదల్లేదు. మరి ఏం కాలింది?

వెనక చక్రం దగ్గరికి జరిగి ఒక్క దెబ్బ కొట్టాను. టంగ్.

బుస్... బ్రేకు పడింది. రెండు దెబ్బలు. వదిలింది. మా బావ ఎన్నడూ లేనంత బుద్ధిగా తొక్కుతున్నాడే అనుకున్నాను. రెండో పక్కకి జరిగి మళ్ళీ ఒక్క దెబ్బ. బుస్...

"బావా! టీ చల్లారిపోతోంది, పైకి రా!"

ఆ గొంతు కాబిన్‌లోంచి రాలేదు. నా వెనక, గుంత మెట్ల దగ్గర్నుంచి వచ్చింది. బావ తడిసిన జుట్టుతో, టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వు... ఎప్పుడు దిగావు?"

"ముందు చక్రాలు అవగానే. రెండు కొట్టావుగా, పనైపోయిందనుకున్నా."

"మరి... పైన ఎవరు?"

కాబిన్ తలుపు తీశాం. సీటు ఖాళీ. కానీ బ్రేకు పెడల్ అడుగుకంటా అణిగి ఉంది. అలాగే ఉంది... ఎవరో బలంగా తొక్కిపట్టినట్టు.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. బావ మాత్రం, "స్ప్రింగు పట్టేసుంటుంది," అంటూ నా చేతిలో సుత్తి లాక్కుని, వేళాకోళంగా ఛాసిస్ మీద రెండు దెబ్బలు వేశాడు.

పెడల్ మెల్లగా పైకి లేచింది.

బావ నవ్వు సగంలో ఆగింది. అంతలోనే తేరుకుని, "చూశావా, అదురుకి ఊడింది," అన్నాడు.

అంతా విప్పి చూశాను. స్ప్రింగు కొత్తదే. లైనర్లు బాగున్నాయి. గాలి ఎక్కడా పోవడం లేదు. "ఈ పూటకి ఆగిపోండి," అని బతిమాలాను. "ఎందుకో చెప్పు మరి," అన్నాడు బావ. లోపలి గదిలోంచి వచ్చిన చెల్లెలు సూటిగా నా కళ్ళలోకి చూసింది.

"బ్రేకులు బాగున్నాయా లేదా, అన్నయ్యా? నువ్వు బాగున్నాయంటే ఎక్కుతాం."

"బాగున్నాయి," అన్నాను. అది నిజమే.

లారీ వెళ్ళిపోయింది. నా సుత్తి కూడా బావతోనే వెళ్ళిపోయింది. షెడ్డులో ఉండబుద్ధి కాక గేటు దగ్గరే నిలబడ్డాను. వాన వెలిసింది. కాసేపటికి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా..." గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "కొండ వాలులో బండి ఆగిపోయింది. ఆయన కాలు తీసేసినా బ్రేకు వదలట్లేదు."

"ఏం చేశారు?"

"ఏం లేదు. బుజ్జి చెంచాతో తలుపు మీద ఒక్కసారి కొట్టింది, అంతే."

"బావ ఏడీ?"

"సుత్తి పట్టుకుని కిందికి దూరారు. ఎలాగూ కదలట్లేదని హ్యాండ్ బ్రేకు కూడా వెయ్యలేదు. ఇందాకట్లాగే రెండు వేస్తే ఊడుతుందట."

"కొట్టొద్దని చెప్పు! బయటికి రమ్మను!"

ఫోన్లో టంగుమని ఒక దెబ్బ.

"ఏవండీ! ఆపండి! అన్నయ్య వద్దంటున్నాడు!"

"సర్లే... ఆపాను, ఆపాను." బండి కిందనుంచి బావ గొంతు. "వస్తున్నా ఉండు."

బతికాం అనుకున్నాను. గేటుకి ఆనుకుని ఊపిరి వదిలాను.

అప్పుడు... నా వెనక... ఖాళీ గుంతలోంచి...

టంగ్.

ఫోన్లో బుస్సుమని బ్రేకు వదిలిన చప్పుడు.

"నాన్న ఇంకా ఎక్కలేదు కదమ్మా," అంటోంది బుజ్జి. "బండి కదులుతోందేంటి?"