మణిమేగలై చెప్పిన ప్యాచ్

"మధ్యాహ్నం పన్నెండుకి నీళ్ళ ప్లాంటులో క్లోరిన్ వాల్వులన్నీ తెరుచుకుంటాయి. ధర్మపురి తాగే నీళ్ళు విషమైపోతాయి. పో దినకరా!" చీఫ్ సీనప్ప ఫోన్ పెట్టేశాడు.

ఏజెంట్ దినకరన్ ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూము చేరేసరికి పదకొండున్నర దాటింది. విదేశీ ముఠా ఒకటి ప్లాంటు సాఫ్ట్‌వేర్‌లో దొంగ కోడ్ చొప్పించింది. దాన్ని తీసే ప్యాచ్ ఏఐ టూల్‌కు రెండు నిమిషాల పని. లాప్‌టాప్ తెరిచాడు.

'సర్వీస్ అందుబాటులో లేదు.'

ముఠా ముందు టూల్‌నే పడగొట్టింది.

"వాల్వులు చేత్తో మూయలేరా?"

"చేత్తో తిప్పే చక్రాలు తీసేసి శానా ఏండ్లాయ సార్," అన్నాడు ఇంజనీరు మాదేశ్.

"కోడ్ నువ్వు రాయి."

"టూల్ లేకుండా ఎప్పుడూ రాయలేదు సార్."

దినకరన్ కీబోర్డు లాక్కున్నాడు. ఒకప్పుడు వచ్చిన పనే. మొదటి లైనులోనే వేళ్ళు ఆగిపోయాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తలుపు తెరుచుకుంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పట్టుచీర.

"హొగేనక్కల్‌లో పరిసల్ పడవలు పోతా ఉండాయా?"

చీఫ్ మనుషులకే తెలిసిన కోడ్ వర్డ్! "నీళ్ళు జాస్తి. నిలిపేసినారు."

మణిమేగలై. కాలేజీలో అతనికి కోడింగ్ నేర్పిన నేస్తం. ముఠాకు అమ్ముడుపోయిందని డిపార్ట్‌మెంటంతా అసహ్యించుకున్న మనిషి. ఆమె చీఫ్ పంపిన డబుల్ ఏజెంటని అతనికి ఇప్పుడే అర్థమైంది. ఎర్రచీర మీద రక్తం కూడా అప్పుడే కనబడింది.

"నన్ను కనిపెట్టేసినారురా. దారిలో కాల్చినారు. కొంచెం జరుగు."

"ఆసుపత్రికి పోదాం పా మణీ!"

"ఊరు నీళ్ళు తాగినాక పోదామా?"

ఆమె వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. సగంలో ఆగాయి.

"మరిచిపోయినావా?"

"కండ్లు కనపడకుండా పోతా ఉండాయి. నేను చెప్తా, నువ్వు కొట్టు."

ఆమె చెప్పింది. అతను కొట్టాడు. తప్పు కొడితే తిట్టింది. మళ్ళీ చెప్పింది. గొంతు సన్నబడుతోంటే అతను చెవిని ఆమె నోటి దగ్గరికి చేర్చాడు. అవతల వాల్వుల మోటార్లు గుర్రుమన్నాయి.

"ఎంటర్," అంది.

మోటార్లు ఆగిపోయాయి.

"నిలిచినాయి మణీ! నిలిచిపోయినాయి!"

ఆమె తల అతని భుజం మీద వాలి ఉంది. ఆ మాట ఆమె విన్నదో లేదో అతనికి తెలియలేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"ప్యాచ్ టూలే రాసిందని రిపోర్టు పెట్టు. ఆ పిల్ల పేరు వద్దు. ముఠా లోపల మనోళ్ళు ఇంకా ఉండారు."

"అప్పుడు టూల్ పనే చేయలేదు సార్."

"నాకు తెలీదా అప్పా?" చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

టూల్ మళ్ళీ పనిచేస్తోంది. రిపోర్టు రాసిపెట్టమంటారా అని అడిగింది. దినకరన్ దాన్ని మూసేసి, ఆ అబద్ధాన్ని తన చేత్తోనే టైపు చేశాడు. ఒక్క తప్పు కూడా దొర్లలేదు.