ముందు కుట్టిన ముగింపు

చిల్లకూరులో వెంకటశేషమ్మ ఊరగాయకు నిమ్మకాయలు కోస్తుండగా, పుట్టింటికెళ్ళిన కోడలు ఆదిశేషమ్మ పొద్దుటి బస్సుకు తిరిగొచ్చింది.

"నువ్వు నాకు చదివి సగంలో ఆపిన నవల అయిపోయిందమ్మే. పక్కింటి నాగులమ్మతో చదివించుకున్నా. ఏందో, బాగలేదు."

"బాగలేదా? కాలేజీలో రెండుసార్లు చదివినానత్తా. కడకు తండ్రి కూతుర్ని పక్కన కూచోబెట్టుకోని అన్నం పెట్టడా?"

"పెట్టినాడు. పెట్టినోడే మళ్ళా నా గడప తొక్కొద్దని తలుపేసినాడు. ఎందుకేసినాడో ఎంత ఆలోచించినా నాకు తెలీలా."

ఆదిశేషమ్మకూ తెలియలేదు. ఆమె మనసు వేరే చోట ఉంది.

"ప్రేమలీల జాబుకు బదులు రాయించినావా?"

వెంకటశేషమ్మ ఇంకో నిమ్మకాయ అందుకుంది. కూతురు ప్రేమలీల గూడూరు రైల్వేలో పనిచేసే తిమోతిని పెళ్ళాడి నాలుగేళ్ళయింది. మనవడు పుట్టాక వెంకటశేషమ్మే ఆ పెళ్ళి మీద కోపం చంపుకుని వెళ్ళింది, పది రోజులు తన చేతులతో బిడ్డకు నీళ్ళు పోసింది. చర్చిలో వాడికి దానియేలు అని పేరు పెట్టిన రోజు మాత్రం, మా ఇంటి పేర్లు మీకు పనికిరాలేదా అని లేచి వచ్చేసింది. ఎనిమిది నెలలుగా మాటల్లేవు. ఇప్పుడు తిమోతికి బెజవాడ బదిలీ అయింది. వెళ్ళేలోగా బిడ్డతో ఒక్క పూట రావచ్చా అని ప్రేమలీల అడిగింది.

"ఎందుకు రావడం? కలుస్తాం, మళ్ళీ మాటామాటా వస్తుంది. చదువుకున్నోళ్ళు పుస్తకంలో రాసిందీ అదే గదా."

"పుస్తకం మీదికి నెట్టబాకత్తా. ఈ రోజు కార్డు వెయ్యకపోతే వాళ్ళు రారు."

"నాకు బుద్ధి చెప్పొచ్చినావా? నీ కడుపున పుట్టింది ఎదురు తిరిగితే అప్పుడు మాట్లాడు."

ఆదిశేషమ్మ ముఖం చిన్నబోయింది. ఆ ముగింపేమిటో చూద్దామని లోపలికెళ్ళి పుస్తకం తెచ్చింది. వారపత్రికలో వచ్చిన ఆ పాత నవల కాగితాలను చదువురాని వెంకటశేషమ్మే దాచి, దబ్బనంతో కుట్టింది.

"ఇదిగో, సమాప్తం ఇక్కడుండాది. తలుపేసింది దీనికి ముందు వారం. కాగితాలు వెనకా ముందూ అయినాయి. నాగులమ్మ ఇక్కడ ఆపలేదా?"

"ఆపింది. అయిపోయిందక్కా అనింది. ఇంకా కాగితాలుండాయి గదా, చదవమన్నా."

అన్నాక తన మాట తనకే వినిపించింది వెంకటశేషమ్మకు. "సరిగ్గా చదువు, వింటా" అంది.

ఆదిశేషమ్మ చదివింది. తలుపు మూసుకుంది. ఏళ్ళు గడిచాయి. తండ్రి పెరుగు వడ్డించాడు, చాలు నాన్నా అంది కూతురు. అంతే, కథ అక్కడ ఆగింది. వెంకటశేషమ్మకు మోస్తున్న బరువేదో దింపినట్టయింది. అంతలోనే మళ్ళీ అయోమయం.

"మరి మన ఇంట్లో బిడ్డకు నీళ్ళు పోసిందే ముందు, తలుపేసింది తర్వాత. ఇది కుట్టడంలో తప్పు కాదు గదమ్మే."

"మనకింకా సమాప్తం పడలేదత్తా."

వెంకటశేషమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. నిమ్మపులుసు చేతులతో కళ్ళు తుడుచుకోబోయి, ఆగి, కొంగు అందుకుంది.

"కార్డు తీసుకురా."

"ప్రేమలీలను రమ్మని రాసేదా?"

"అల్లుణ్ణి గూడా. దానియేలును..."

ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

"దానియేలును ఎత్తుకోని రమ్మని రాయి."