రెండు తలుపుల జెడ్‌కేఆర్

"పై వరుస కనబడుతోందా?"

"కనబడ్తున్నది. కింది వరుసల రెండో అక్షరం సున్నా లెక్కున్నది."

కోడ్ సరిపోయింది. మధుసూదన్ కళ్లద్దాల షాపు తలుపు వేసి గడియ పెట్టాడు. సికింద్రాబాద్ స్టేషన్ రోడ్డులో అతన్ని కళ్ల డాక్టరుగానే ఎరుగుదురు. లెన్సుల పెట్టె అడుగున ఉన్న, ఢిల్లీకి కబుర్లు పంపే ట్రాన్స్‌మిటర్ సంగతి ముగ్గురికే తెలుసు.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి సుభాన్, ఏజెంట్ ఇలెవన్. యుద్ధంలో అస్సాం ఎయిర్‌ఫీల్డుల్లో డకోటా విమానాలు బాగుచేసిన మెకానిక్. ఇప్పుడు బేగంపేటలో ఒక విమాన కంపెనీలో అదే పని చేస్తున్నాడు.

అది 1948 జూన్. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో ఇంకా కలవలేదు. క్రోల్ అనే విదేశీయుడి ముఠా విమానంలో దొంగచాటుగా తుపాకులు దింపుతోంది. అవి తమలాంటి మామూలు జనం మీదే పేలుతాయని సుభాన్ ఉండే మౌలాలిలో అందరికీ తెలుసు. అందుకే ఈ ప్రమాదకరమైన పనికి ఒప్పుకున్నాడు.

"శుభవార్త సుభాన్! నీ రిపోర్టు ఢిల్లీ చేరింది. జెడ్‌కేఆర్ నంబరున్న డకోటా రేపటి నుంచి పడమటి సరిహద్దు దాటితే మన ఫైటర్లు వైర్‌లెస్‌లో దిగమంటాయి. జవాబు రాకపోతే కాల్చేస్తాయి."

సుభాన్ కుర్చీలోంచి లేచాడు. "జోడు తలుపుల సంగతి చెప్పిన్రా?"

"ఏ తలుపులు?"

"పద్నాలుగు లైన్లు రాసిచ్చిన గద సార్!"

"అంతసేపు సెట్టు మోగితే మనల్ని పసిగట్టేస్తారు. అందుకే కుదించాను. డకోటా, జెడ్‌కేఆర్, తుపాకులు. మూడే ముక్కలు."

"సార్, అసలు జెడ్‌కేఆర్ మా కంపెనీ ప్యాసింజర్ జహాజ్! పొద్దుగాల బొంబాయి పోతది. తుపాకుల జహాజ్‌కు దొంగలు అదే నంబరు ఏసుకున్నరు."

"రెండూ డకోటాలేగా? తేడా ఏముంది?"

సుభాన్ పళ్లు బిగించాడు. ఈ ప్రశ్న వినడం ఇది నాలుగోసారి.

"1935ల అమెరికాల ఇది పడకల జహాజ్‌గ పుట్టింది సార్. పద్నాలుగు బెర్తులు. ఆనక ఇరవై ఒక్క సీట్లు పెట్టిన్రు. లడాయి వచ్చినంక వేలకు వేలు తయారు చేసిన్రు. జీపు ఎక్కేటట్టు జోడు తలుపు పెడితే సీ-47. సిపాయిలు దుంకనీకి చిన్న తలుపు ఉంచితే సీ-53. ఇంగ్లీషోళ్లు అన్నిటికీ డకోటా అని పేరు పెట్టి వన్, టూ, త్రీ, ఫోర్ అన్నరు. మా ప్యాసింజర్‌ది డకోటా టూ, ఒంటి తలుపు. నేను మౌలాలి గుట్ట మీదికెల్లి దుర్భిణిల చూసింది డకోటా త్రీ, జోడు తలుపు. కరెంటు సుత వేరే. దానిది ఇరవై నాలుగు వోల్టులు, మాది పన్నెండే."

మధుసూదన్ ఓపిగ్గా నవ్వాడు. "మార్త రికార్డులన్నీ చూసింది. నంబరు ఒక్కటే, విమానమూ ఒక్కటేనంది."

కంపెనీ టికెట్ కౌంటర్‌లో పనిచేసే మార్త మధుసూదన్‌కి స్టార్ ఏజెంట్. పచ్చ గాగుల్స్, ఎర్రని లిప్‌స్టిక్, నాలుగు భాషలు. ఆమె మాట అతనికి వేదం.

"రికార్డుల్ల దొంగ జహాజ్ ఎట్లుంటది సార్?"

"అయినా భయమెందుకు? ప్యాసింజర్ విమానమైతే వైర్‌లెస్‌లో జవాబిస్తుంది. దింపి చూసి వదిలేస్తారు. రేపు సాయంత్రం దాకా సెట్టు ముట్టుకోను. వెళ్లు."

సుభాన్ బయటికొచ్చాడు. శత్రువుతో కొట్లాడొచ్చు. మనవాళ్లకి ఎట్ల చెప్పాలె?

మర్నాడు మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు బేగంపేటలో జెడ్‌కేఆర్ బొంబాయికి సిద్ధంగా ఉంది. పందొమ్మిది మంది ప్రయాణికులు. సుభాన్‌కు మనసొప్పలేదు. ఎవరూ అడగకపోయినా కాక్‌పిట్‌లోకి దూరి వైర్‌లెస్ స్విచ్ నొక్కాడు.

డయల్ బల్బు వెలిగింది. కానీ కొడిగట్టిన దీపంలా వెలిగింది.

సెట్టు వెనక రేకు మీద అంకె చూశాడు. ఇరవై నాలుగు వోల్టులు! పోయిన వారం ఇక్కడ పన్నెండు వోల్టుల సెట్టుండేది. పన్నెండు వోల్టుల విమానంలో ఈ సెట్టు వెలుగుతుంది, అంతే. వినదు, పలకదు.

ఈ విమానాన్ని ఎవరో కావాలనే చెవిటిదాన్ని చేశారు. సరిహద్దులో ఫైటర్లు దిగమంటాయి, జవాబు రాదు, కాలుస్తాయి. పందొమ్మిది మంది అమాయకుల్ని ఇండియా చంపిందని లోకమంతా ఉమ్మేస్తుంది. ఆ గోలలో క్రోల్ తుపాకులు హాయిగా దింపుకుంటాడు. ఆ నంబరు ఢిల్లీకి అందించింది తనే!

రిపోర్టు సంగతి తనకూ మధుసూదన్‌కూ కాక ఇంకొక్కరికే తెలుసు.

పైలట్‌కి చెప్పాడు. "బల్బు వెలుగుతోందిగా. బొంబాయిలో చూసుకుందాం," అని పైలట్ వాచీ చూసుకున్నాడు. మధుసూదన్ షాపుకి ఫోన్ చేస్తే లైను లేదు. మేనేజరు సెలవు. సుభాన్ రిసీవరును గోడకేసి కొట్టబోయి ఆగాడు.

మెట్ల దగ్గర మార్త ప్యాసింజర్ లిస్టు పట్టుకుని నిలబడి ఉంది. సుభాన్ ఆమె పక్కకు చేరి గొంతు తగ్గించాడు.

"మార్త మేడం, సెట్టు ఎవరు మార్చిన్రు?"

"నాకేం తెలుసు సుభాన్ భాయ్? పరేషాన్ చెయ్యకు."

"క్రోల్ నీకేం చెప్పిండో నాకు తెల్వదు. నేను చెప్తున్న ఇను. సరిహద్దు కాడ ఫైటర్లు కాసుకొని ఉన్నయ్. జవాబియ్యకపోతే కాల్చుమని ఆర్డరు. ఈ జహాజ్‌కు చెవుల్లేవు."

మార్త గాగుల్స్ తీసింది. "అబద్ధం. మాటలు వినబడకుంటే ఇండియావాళ్లు దింపి సోదా చేస్తరు, గంట లేటయితది, అంతే అన్నడు క్రోల్."

"గంట గాదు. అందరు పోతరు."

చివరి ప్రయాణికురాలు మెట్లెక్కుతోంది. చంకలో ఆరు నెలల పాప. కిటికీ సీటు కావాలంటే పొద్దున మార్తే మార్చి ఇచ్చింది. తలుపు మూసుకుంది. కుడి ఇంజను దగ్గి అందుకుంది.

మార్త ఒక్కసారిగా గొంతు పెంచింది. "గార్డ్! ఈ మనిషి డ్యూటీలో గొడవ చేస్తున్నడు. తీస్కపోయి ట్రాక్టర్ షెడ్ల కూసోబెట్టండి!"

ఇద్దరు గార్డులు సుభాన్ రెక్కలు పట్టి ఈడ్చారు. "గద్దార్!" అని అరవబోయిన సుభాన్ నోరు సగంలో ఆగింది. ట్రాక్టర్ షెడ్! సామాన్ల బండి లాగే ట్రాక్టర్ అక్కడ ఇంజను ఆపకుండానే నిలబడి ఉంది. మార్త తనను కావాలనే అటు పంపుతోంది.

మోచేత్తో ఒక గార్డు పొట్టలో పొడిచాడు. రెండోవాణ్ని టైర్ల గుట్ట మీదికి తోశాడు. ట్రాక్టర్ ఎక్కి గేరు వేశాడు.

విమానం కదిలింది. ఎదురుగా అడ్డం పోయి లాభం లేదు. నేల మీద డకోటా ముక్కు ఆకాశం చూస్తుంది, తిన్నగా ముందున్నది పైలట్‌కు కనబడదు. పంకాలకు చిక్కితే ముక్కలే. తోకకే పోవాలి. సుభాన్ అడ్డదారిన గడ్డిలోంచి ట్రాక్టర్‌ను దూకించాడు. టవర్ పచ్చ దీపం చూపగానే విమానం రన్‌వే మీదికి తిరిగింది. రెండు ఇంజన్లూ ఒక్కసారిగా గర్జించాయి. వెనక్కి కొట్టిన గాలికి సుభాన్ కళ్లలో దుమ్ము పడింది. కళ్లు మూసుకునే స్టీరింగ్ తోక వైపు తిప్పాడు.

ధణ్!

వెనక చక్రం విరిగింది. తోక నేలకు చతికిలబడింది. పైలట్ ఇంజన్లు ఆపి, తిట్లు లంకించుకుంటూ దిగాడు.

"ముందుగాల టవర్‌ను పిలిచి చూడు సాబ్! తర్వాత తిట్టు!" నెత్తురోడుతున్న నుదుటితో సుభాన్ అరిచాడు.

పైలట్ లోపలికి పోయాడు. టవర్‌ను మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి పిలవలేదు. బయటికొచ్చి జేబురుమాలు తీసి సుభాన్ నుదుటికి కట్టాడు.

ఈలోగా ప్యాసింజర్ విమానం కూలిపోయి ఉంటుందనే ధీమాతో క్రోల్ పెట్టెల మీద కాళ్లు చాపుకుని సరిహద్దు దాటాడు. అతని జెడ్‌కేఆర్‌లో వైర్‌లెస్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఫైటర్లు దిగమన్నాయి. దిగి తీరాల్సి వచ్చింది. షోలాపూర్‌లో జోడు తలుపులు తెరిస్తే మూడు వందల రైఫిళ్లు బయటపడ్డాయి.

మార్త ఆ సాయంత్రమే మద్రాస్ రైలెక్కింది. సంగతి తెలిసి మధుసూదన్ స్టేషన్‌కు చేరేసరికి రైలు మౌలాలి దాటింది.

సుభాన్‌కు ఎవరూ దండలు వేయలేదు. విమానం విరగ్గొట్టాడని సంస్థానం పోలీసులు జైల్లో పెట్టారు. అతను తమ మనిషని చెబితే వాళ్లే చంపేస్తారని మధుసూదన్ నోరు కుట్టుకున్నాడు. ఊచలు లెక్కపెడుతూ, మూడు ముక్కల సందేశాన్ని తలచుకుని సుభాన్ మూడు నెలలు పళ్లు కొరుక్కున్నాడు.

సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయింది. సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చిన మూడో రోజు ఒక మేజర్ అతన్ని జైలు నుంచి నేరుగా బేగంపేట తీసుకెళ్లాడు. పట్టుకున్న విమానాలు బారులు తీరి ఉన్నాయి. మేజర్ నోటుబుక్ తెరిచాడు.

"సుభాన్, ఇవన్నీ డకోటాలే అంటున్నారు. నాకు నమ్మకం లేదు. వీటిలో తేడాలేమైనా ఉన్నాయా?"

సుభాన్ అతన్ని ఎగాదిగా చూశాడు. ఒక ఖాళీ పెట్టె బోర్లించి చేత్తో దుమ్ము దులిపాడు.

"కూసోండి సార్. చాయ్ సుత తెప్పియ్యండి. జెర టైం పడ్తది."